ఏడో గడియారం

బావమరిది కారు లైట్లు ఆపకుండా పడుకున్నాడు. అందువల్ల ముళ్ళాయన భార్య, ఆ బావమరిది అక్క, చచ్చిపోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు. పదకొండేళ్ళ కిందట తేలిపోయిన సంగతి. చుట్టాలందరికీ తెలుసు, వీధిలో వాళ్ళకి తెలుసు, బావమరిది కూతురికి కూడా తెలుసు. కాదన్నవాడు ఒక్కడే, ఆ బావమరిది. "ఆపాను బావా" అని ఆ రోజు అన్నాడు. వారం తర్వాత మళ్ళీ అన్నాడు. మూడోసారి అనే అవకాశం ముళ్ళాయన ఇవ్వలేదు. మాటలు మానేశాడు.

ఈ విషయం రోజూ పొద్దున ఒకసారి గుర్తుకొస్తుంది, మొహం కడుక్కోవడంలాగే. ఆ తర్వాత పని మొదలవుతుంది.

ఆ రోజూ గుర్తొచ్చి పోయింది. అతను కుడికంటికి భూతద్దం బిగించుకుని, బల్ల మీదికి వంగి, ఎనిమిది రోజులకోసారి కీ ఇచ్చే రకం గడియారం స్ప్రింగు పెట్టె మూత తీస్తున్నాడు. మూతకి బొటనవేలు అడ్డం పెట్టాడు. పెట్టకపోతే స్ప్రింగు ఎగిరి కన్ను తీస్తుంది. అరవై ఆరేళ్ళ వేళ్ళు, చివర్లు నల్లబడి, గోళ్ళు కురచగా కత్తిరించి ఉన్నాయి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, మడతకి పిన్నీసు పెట్టుకున్నాడు. బొత్తాలు కుట్టేవాళ్ళు లేరు.

పాత కార్ల గడియారాలు బాగుచేయడం అతని పని. కారుతో పాటు వచ్చినవి కావు అవి. ఆ కాలంలో సరదా ఉన్నవాళ్ళు విడిగా కొని పెట్టించుకున్నవి. డాష్‌బోర్డు మీద మరతో బిగించేవి కొన్ని, వెనకచూపు అద్దంలో పొదిగినవి కొన్ని, స్టీరింగు నడుమ బొడ్డులా కూర్చునేవి కొన్ని. కార్లు తుక్కైపోయాక ఇవి చేతులు మారి, పెట్టెలు మారి, మొహాలు మారి అతని బల్ల మీదికి వస్తాయి. ఏది ఏ బండిదో చెప్పాలి. మర పళ్ళు లెక్కపెట్టి, అద్దం ఉబ్బు వేలితో తడిమి, కీ తిప్పే పుల్ల కిందికి వచ్చిందా పక్కకి వచ్చిందా చూసి చెబుతాడు. చెప్పింది చీటీ మీద రాసి ఇస్తాడు. ఏడో తరగతి దాకా పల్లెటూరి బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు. ఆ చీటీ ఉంటే కొనేవాడు మారు మాట్లాడడు. ఇంతవరకూ అబద్ధపు చీటీ ఒక్కటి రాయలేదు. ఆ గర్వం ఒక్కటే అతనికి మిగిలిన ఆస్తి.

జనం అతన్ని ముళ్ళాయన అంటారు. గడియారం ముళ్ళ వల్ల అలా అంటున్నారో, మాట్లాడితే గుచ్చుకుంటుందని అంటున్నారో అతను ఎప్పుడూ అడగలేదు.

షెడ్డులో ముందు సగం సీట్ల మేస్త్రిది. కారు సీట్లకి తోలు కుట్టేవాడు. వెనక సగం ఇతనిది. ఇతని వైపు గోడకి ఒక కరెంటు గడియారం వేలాడుతుంది, కింద బ్యాటరీ, రెండు వైర్లు. నమూనా కోసం పెట్టుకున్నాడు. ఈ జాతి గడియారం తనకి తనే కీ ఇచ్చుకుంటుంది. లోపలి చిన్న స్ప్రింగు రెండు నిమిషాలకోసారి వదులవుతుంది. వదులవగానే రెండు పాయింట్లు కలుసుకుంటాయి, కరెంటు కాయిల్లోకి దూకుతుంది, కాయిల్ ఒక్క తన్ను తన్ని స్ప్రింగుని బిగిస్తుంది, పాయింట్లు విడిపోతాయి. ఠక్. మళ్ళీ రెండు నిమిషాలకి, ఠక్. మేస్త్రికి ఆ చప్పుడు ఎప్పుడో వినిపించడం మానేసింది. ఇతనికి మాత్రం ప్రతి ఠక్కూ వినిపిస్తుంది. వినిపించకపోతే తలెత్తి చూస్తాడు.

తొమ్మిదిన్నరకి మేనకోడలు వచ్చింది. బావమరిది కూతురు. పదకొండేళ్ళ కిందట చూసినప్పుడు జడ వేసుకున్న పిల్ల. ఇప్పుడు కళ్ళ కింద నల్లటి చారలు. వాళ్ళ నాన్న నుదురే వచ్చింది. నిలబడటం మాత్రం మేనత్తలా, బరువంతా ఒక కాలి మీద వేసి. అది చూడగానే అతను కంటినించి భూతద్దం తీశాడు.

"లోపలికి రమ్మంటావా మామయ్యా, ఇక్కణ్ణించే చెప్పి పొమ్మంటావా?"

"వచ్చేశావుగా."

ఆమె బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల ఏదో బరువుగా కదిలింది. ఎన్నో వేల గడియారాలు ఎత్తి దించినవాడు. చప్పుడుకే తెలిసిపోయింది. చేతిలోని పటకారు కింద పెట్టాడు.

"నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. పది రోజులైంది. తెలిసే ఉంటుంది నీకు."

తెలుసు. "లేదు" అన్నాడు.

"ఊపిరి అందట్లేదు. డాక్టరు ఇవాళో రేపో అంటున్నాడు. నాలుగింటికి మత్తు మొదలుపెడతారట, ఆ తర్వాత మాట్లాడలేడు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. పది రోజులుగా అందరికీ చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలు. "కారు అమ్మేద్దామనుకున్నాం. షెడ్డులో పడి ఉంది కదా, నాన్న మళ్ళీ ఎక్కనేలేదు దాన్ని. కొనేవాళ్ళు ఎలక్ట్రీషియన్ని తెచ్చుకున్నారు. కొత్త బ్యాటరీ తగిలించగానే ఈ గడియారం వెనకనించి పొగ. అతను వైరు పీకేసి నవ్వాడు. ఇది బ్యాటరీని రాత్రికి రాత్రి తాగేసే రకం అమ్మా, జాగ్రత్త, అన్నాడు."

అతను పటకారు మళ్ళీ తీసుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"నేను ఊరికే నాన్నకి చెప్పాను, నవ్వొస్తుందని. నవ్వలేదు. లేచి కూర్చున్నాడు, పది రోజుల్నించి లేవనివాడు. మీ మామయ్య దగ్గరికి పట్టుకెళ్ళు అన్నాడు. ఎవరో చెబితే నాకొద్దు, ఆయనే విప్పాలి, ఆయనే చెప్పాలి అన్నాడు."

"ఏం చెప్పాలి?"

"అది నీకే తెలుస్తుందన్నాడు." ఆమె అతని మొహంలోకి చూసింది. "చూడు మామయ్యా, నిన్ను బతిమాలడానికి రాలేదు. మా ఇంట్లో ఎవరు పడుకోబోతున్నా, లైట్లు ఆపావా అని మా నాన్న వైపు చూసి నవ్వేవాళ్ళు. పదకొండేళ్ళు. ఒకసారి నేను కూడా అన్నాను. ఆయన ఏమీ అనలేదు, లేచి వెళ్ళి ఇంట్లో స్విచ్చులన్నీ ముట్టుకుని వచ్చాడు. అది ఇప్పుడు గుర్తొస్తోంది నాకు."

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. "నాలుగు లోపల రా. మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయట్లేదు."

ఆమె వెళ్ళాక మేస్త్రి మిషను ఆపి మెడ చాచాడు. "ఎవరు పెద్దాయనా?"

"ఎవరో."

"ఎవరో అయితే మామయ్యా అంటుందా? నన్నెవరూ అనరే!"

"నీ మొహానికి ఎవరంటారు."

మేస్త్రి నవ్వుకుని మిషను తొక్కాడు. గోడ మీద ఠక్ మంది. అతను ఉలిక్కిపడ్డాడు. మేస్త్రి చూడలేదు, అంతవరకు మేలు.

డబ్బాని బల్ల చివరికి నెట్టాడు. స్ప్రింగు పెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. పొగ. ఆ పొగకి అర్థం ఏమిటో ఆ ఊళ్ళో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే మూత తీయబుద్ధి కావడం లేదు. మరకి ఆనించిన స్క్రూడ్రైవరు రెండుసార్లు పక్కకి జారింది. నలభై ఏళ్ళలో అలా జారలేదు.

పదకొండింటికి టోపీ ఆయన వచ్చాడు. మూడు పాత కార్లున్న మనిషి, ఎండలో అయినా నీడలో అయినా టోపీ తీయడు. గుడ్డలో చుట్టిన గడియారం ఒకటి, పురిటి బిడ్డని విప్పినట్టు విప్పాడు.

"ఇది చూడండి ముందు. మా పెద్ద బండి వయసే దీనిదీ. సాక్షాత్తు ఆ కంపెనీదే. చీటీ రాసిచ్చేయండి, వెళ్ళిపోతా."

అతను దాన్ని తిరగేశాడు. ఇంకొకరి గడియారం, ఇంకొకరి మోసం. కాసేపు ప్రాణం కుదుటపడింది. వేలు కింది అంచు వెంట పోనిచ్చి ఒకచోట ఆగాడు. "ఇక్కడ రెండు చిల్లులు. ఇత్తడితో పూడ్చి రంగేశారు. కనిపించాయా?"

"దెబ్బలు తగిలుంటాయి. పాతది కదా."

"దెబ్బలు కొలత పెట్టుకుని తగలవు. అవి కాళ్ళు. బల్ల మీద నిలబెట్టే కాళ్ళు. కారులో గడియారం నిలబడి ఏం చేస్తుందండీ?"

టోపీ ఆయన మొహం మాడిపోయింది. షెడ్డు ముందు సగంలో మిషను చప్పుడు ఆగింది.

"వెనక ఈ మూత కింద గంట ఉండేది" అన్నాడతను. "పొద్దున్నే లేపే గంట. ఇది కారుది కాదు, మంచం పక్కది."

"మీరు కాస్త చూసీ చూడనట్టు రాస్తే..."

"రాయను."

"ఒక్క మాటండీ. ఎవరు విప్పి చూడబోయారు?"

"నేను చూశానుగా."

టోపీ ఆయన గుడ్డ చుట్టుకుని వెళ్ళాడు. మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మంచం పక్కదట! కారులో పడుకుంటాడేమోలే పెద్దాయనా, రాసివ్వకపోయావా!"

అతనికి నవ్వు రాలేదు. నేను చూశానుగా అన్న తన మాటే చెవిలో తిరుగుతోంది. బల్ల చివర డబ్బా ఉంది. ఎవరు విప్పి చూడబోయారు?

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని, మూసేశాడు. 

బావమరిది కారు డాష్‌బోర్డులో గడియారం ఉండాల్సిన చోట గుండ్రటి రేకు మూత ఉండేది. గడియారం విడిగా కొనుక్కోనివాళ్ళకి కంపెనీ వేసిన మూత. తన భార్యకి అది చూస్తే పడేది కాదు. "కన్ను పోయిన మొహంలా ఉంది. మా తమ్ముడి బండికి ఒక కన్ను పెట్టరాదూ?" అని నెలరోజులు వెంటపడింది. పెట్టాడు. సరైన కొలతది వెతికి, తుక్కు కుప్పలోంచి తెచ్చి, డయలు మీద అంకెలు తిరగదిద్ది పెట్టాడు. అంకెలు దిద్దింది ఆమె. అతనికంటే ఆమెకి చూపు ఎక్కువ.

ఈ గడియారాలు చేసినవాళ్ళు తెలివైనవాళ్ళు. ఏదో ఒక రోజు పాయింట్లు నిప్పురవ్వలకి కాలి, ఒకదానికొకటి అతుక్కుపోతాయని వాళ్ళకి తెలుసు. అతుక్కుపోతే కరెంటు ఆగదు, కాయిల్ సలసలా కాగుతూనే ఉంటుంది. అందుకే కాయిల్లోకి వెళ్ళే తీగని ఒకచోట మెత్తని టంకంతో అతికారు. మరిగే నీళ్ళ వేడికే కరిగేంత మెత్తనిది. కాయిల్ కాగితే టంకం కరుగుతుంది, తీగ ఊడుతుంది. గడియారం చస్తుంది, బ్యాటరీ బతుకుతుంది.

కాని జనానికి గడియారం చస్తే నచ్చదు. బాగుచేసి ఇచ్చినా మళ్ళీ ఆగిందని వచ్చి నలుగురిలో మాటలనేవాళ్ళు. అతనికి మాట పడటం చేతకాదు. మెత్తని టంకం గీకేసి, మామూలు గట్టి టంకం పెట్టడం మొదలుపెట్టాడు. ఇంకేముంది, తీగ ఊడే ప్రశ్న లేదు. నా చేతి గడియారం ఆగదు అని చెప్పుకున్నాడు. అలా ఏడు చేశాడు.

భార్య పోయిన రెండో నెలలో ఒకాయన వాటిలో ఒకటి వెనక్కి తెచ్చాడు. "ఏంటండీ ఇది, ఒక్క రాత్రిలో బ్యాటరీని పిప్పి చేసింది" అన్నాడు. అతను విప్పి చూశాడు. ఆ సాయంత్రమే మెత్తని టంకానికి తిరిగి వచ్చాడు. మిగతావాళ్ళ ఇళ్ళకి స్వయంగా నడిచి వెళ్ళి, ఏదో వంక చెప్పి గడియారాలు తెచ్చుకుని, ఊరికే మార్చి ఇచ్చాడు. ఆరు తిరిగొచ్చాయి. ఏడోది ఎక్కడుందో తెలుసు. ఆ ఇంటి గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు కదా, ఎలా వెళతాడు? ఒట్టు చాలా అక్కరకొచ్చింది. ఆ ఏడోదాని గురించి ఆలోచన వచ్చిన ప్రతిసారీ బావమరిది మీద కోపం తెచ్చుకునేవాడు. కోపం రాగానే ఆలోచన పోయేది.

"పెద్దాయనా" అన్నాడు మేస్త్రి, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఆ డబ్బాలో పాముందా ఏంటి? పొద్దున్నించి దాన్నే చూస్తున్నావు, మూత తియ్యవు."

"నీ పని చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నా. సీటు అయిపోవచ్చింది నాది. నువ్వు ఒక్క మర తీయలేదు."

గోడ గడియారం ఒకటీ పది చూపిస్తోంది. అతను డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

అరచేతిలో పట్టే నల్లటి రేకు గిన్నె. అద్దం చుట్టూ మెరుపు పోయిన అంచు. దుమ్ము పట్టిన అద్దం కింద ఆమె దిద్దిన అంకెలు. మూడు అంకె బొజ్జ కొంచెం ఎక్కువ, అప్పుడు కూడా అన్నాడా మాట. "బాగా తిన్నదిలే" అంది ఆమె.

ముళ్ళు తొమ్మిదీ ముప్పై అయిదు దగ్గర ఆగి ఉన్నాయి.

ఆ రాత్రి అక్కని దింపడానికి వచ్చిన బావమరిది అతని ఇంటి ముందే తొమ్మిదింటికి కారు పెట్టాడు. అందరూ భోంచేశారు, పడుకున్నారు. తెల్లవారుజామున ఆమె గుండె పట్టుకుని కూలబడింది. కారు తాళం తిప్పితే ఇంజను మూలిగి ఊరుకుంది. "లైట్లు ఆపలేదు కదూ!" అని అరిచింది అతనే. మొదట అరిచినవాడి మాటే నిలిచింది. బావమరిది చీకట్లో స్విచ్చు తడుముతూ, "ఆపాను బావా, ఆపే ఉంది బావా" అంటున్నాడు. ఎవరూ వంగి చూడలేదు. పాల బండి దొరికేసరికి అరగంట. ఆస్పత్రిలో డాక్టరు చేతులు తుడుచుకుంటూ అన్నాడు, అరగంట ముందు తెచ్చుంటే అని.

తొమ్మిదింటికి పెట్టిన కారు. తొమ్మిదీ ముప్పై అయిదుకి ఆగిన గడియారం. ఎంత పాత బ్యాటరీ అయినా అరగంట లైట్లకి చావదు. అంటే పాయింట్లు అతుక్కునే ఆగి ఉండాలి.

అయినా విప్పాలి. ఒక్క ముళ్ళ సాక్ష్యం మీద అతను ఎప్పుడూ చీటీ రాయలేదు. వెనక మూడు మరలు. మొదటిది వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది వేళ్ళలోంచి జారి నేల మీద పడింది. వంగి వెతికి తీసి బల్ల మీద పెట్టాడు.  గోడ మీద ఠక్ అనేదాకా బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. మూత ఎత్తగానే మాడిన వాసన వచ్చింది. పదకొండేళ్ళు మూసి ఉంచినా పోలేదు.

మూత లోపలివైపు అతని గుర్తు ఉంది. బాగుచేసినవాళ్ళు సూదితో గీసుకునే గుర్తు, నెల, సంవత్సరం. పక్కన వంకరగా ఇంకో గీత. "మా తమ్ముడి బండిది, నా సంతకమూ ఉండాలి" అని ఆమె సూది లాక్కుని గీసింది.

కంటికి భూతద్దం బిగించాడు. రెండు పాయింట్లూ కాలి, కరిగి, ఒకటే ముద్ద. కాయిల్ మీది పూత ఎర్రగా ఉండాల్సింది పై నించి కింది దాకా బొగ్గు రంగు. ఎలక్ట్రీషియన్ పెట్టిన ఒక్క నిమిషం పొగకి ఇంత మాడదు. రాత్రంతా కాగితేనే ఇలా మాడుతుంది. రాత్రంతా కాగాలంటే రాత్రంతా తాగడానికి బ్యాటరీలో సత్తువ ఉండాలి. లైట్లు వెలుగుతూ ఉంటే అది ఎక్కడుంటుంది?

కాయిల్లోకి వెళ్ళే తీగ దగ్గర గట్టి టంకం బొట్టు. గుండ్రంగా, నున్నగా, ఒక్క వంక లేకుండా అతికిన బొట్టు. ఆ ఊళ్ళో అంత నున్నగా పెట్టే చెయ్యి ఇంకొకటి లేదు.

అది చూస్తూ ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. ఆమె ఆ రోజు కూలబడినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. అప్పుడు అరవడానికి ఒక మనిషి ఎదురుగా ఉన్నాడు.

లేచి వెళ్ళాలి. ఆస్పత్రికి నడిస్తే పావుగంట. వెళ్ళి, మంచం పక్కన నిలబడి, రెండు మాటలు చెప్పాలి. లైట్లు నువ్వు ఆపావు. బ్యాటరీని తాగింది నా గడియారం. రెండే మాటలు. అవి లోపలే కూడబలుక్కుంటూ ఉండగా చేతులు వాటంతట అవి పనిలో పడ్డాయి. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది. సన్నటి రంపపు బ్లేడు పాయింట్ల మధ్యకి వెళ్ళింది. ముద్ద విడిపోయింది. ఆకురాయితో రుద్దితే పాయింట్లు తెల్లగా మెరిశాయి. మాడిన కాయిల్ తీసి, సొరుగులోంచి మంచి కాయిల్ తెచ్చి పెట్టాడు. గట్టి టంకం బొట్టుని అడుగున వేడిచేసి లాగితే ఊడి బల్ల మీద పడి, దొర్లి, ఆగింది. ఆ చోట మెత్తని టంకం పెట్టాడు, చేసినవాళ్ళు పెట్టినట్టే. బాగుచేస్తున్నాననుకున్నాడు. ఇక ఎవరు విప్పినా ఏమీ కనిపించదు. ఆ సంగతి అతని బుర్రకంటే ముందు చేతులకి తెలుసు.

అద్దం తుడిచాడు. రెండోసారి తుడిచాడు. ముళ్ళని మాత్రం ముట్టుకోలేకపోయాడు.

"మూడున్నర దాటింది పెద్దాయనా" అన్నాడు మేస్త్రి. "ఆ అమ్మాయి నాలుగు లోపలన్నట్టుంది? చెవులు మూసుకుందామనుకున్నా, కుదర్లేదు."

అతను గడియారాన్ని చొక్కా జేబులో వేసుకుని బయటపడ్డాడు. జేబు బరువుకి చొక్కా ఒక పక్కకి లాగింది. ఎండ తగ్గలేదు. రోడ్డు దాటుతుంటే ఎవరో హారన్ కొట్టి తిట్టారు. తిట్టు సగమే వినబడింది. లైట్లు నువ్వు ఆపావు, బ్యాటరీని తాగింది నా గడియారం. అడుగుకో మాట చొప్పున నడిచాడు. మూలమలుపు దగ్గరకి వచ్చేసరికి రెండో మాట నోరు తిరగడం లేదు. మొదటిది ఒక్కటే మిగిలింది.

మెట్లు. మొదటి అంతస్తులో ఆగాడు. రెండో అంతస్తులో గోడకి చెయ్యి ఆనించి ఆగాడు. వార్డు బయట బల్ల మీద మేనకోడలు ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్ళో మడిచిన దుప్పటి, దాని మీద కళ్ళజోడు. అతను వాటిని చూశాడు. తలుపు మీది గోడ గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"అరగంటైంది మామయ్యా" అంది ఆమె.

అతను బల్ల రెండో చివర కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు.

"గుమ్మం వైపే చూస్తూ ఉన్నాడు" అంది. "మీ మామయ్యకి మెట్లు ఎక్కడం కష్టం, కిందికి వెళ్ళి చూడు అన్నాడు. రెండుసార్లు దిగి చూసొచ్చాను. రెండోసారి వచ్చేసరికి..." దుప్పటి అంచు సరిచేసింది. "బాధపడలేదట. నర్సు చెప్పింది."

అతను జేబులోంచి గడియారం తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. మెరుస్తున్న అద్దంలో కిటికీ కనబడింది.

"విప్పావా?"

"విప్పాను."

"చెప్పు మరి. నాన్న తరఫున నేనే వింటాను."

 మాట చిన్న గొంతుతో వచ్చింది.

"మీ నాన్న లైట్లు ఆపాడు."

 ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండి, రాలకుండా నిలిచాయి. దుప్పటి మీది కళ్ళజోడు తీసి, మడిచి, గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత తల తిప్పి అతని వైపు చూసింది. నుదురు నాన్నది, చూపు మేనత్తది.

"మరి బ్యాటరీ ఎలా పోయింది మామయ్యా?"

అతను లేచాడు.

"ఇంకెప్పుడూ ఈ మాట నన్నడక్కు. నీకూ చెప్పను, ఎవరికీ చెప్పను. ఇది ఇక్కడితో సరి."

"మామయ్యా..."

"చెప్పనన్నానుగా."

మెట్లు దిగేటప్పుడు ఎక్కడా ఆగలేదు. ఆ మర్నాడు పదిమందిలో ఆమె, మా నాన్న లైట్లు ఆపాడట, మామయ్యే చెప్పాడు అంది. అందరూ అతని వైపు తిరిగారు. తల ఒక్కసారి ఊపాడు. అంతకుమించి ఎవరెంత తరిచి అడిగినా పెదవి విప్పలేదు. ఆ తర్వాత ఏళ్ళలో కూడా విప్పలేదు.

ఆస్పత్రి మెట్లు దిగిన ఆ సాయంత్రం అతను షెడ్డుకి తిరిగి వచ్చేసరికి మేస్త్రి మిషను మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయాడు. గోడ మీద ఠక్ మంది. దీపం వేశాడు. ఊడ్చి పారేద్దామని చీపురుకట్ట తీసుకుని, బల్ల దగ్గర ఆగి, దాన్ని మూల పెట్టేశాడు. పగిలిన ఒక పాత గడియారం అద్దం తెచ్చి బల్ల మీద బోర్లించాడు. అద్దం కింద, మాడిన కాయిల్ పక్కన, ఆవగింజకంటే కాస్త పెద్ద టంకం బొట్టు, గుండ్రంగా, నున్నగా, ఒక్క వంక లేకుండా.